ఎదురు నడక

గనిరాజుగారు ఇవాళ కూడా గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నడకపట్టీకి ఇటు చివర సిద్ధంగా నిలబడ్డారు. అటు చివర వీరవేణి నిలబడింది. ఇద్దరి మధ్యా నాలుగు మీటర్ల పట్టీ నేలమీద లేత ఆకుపచ్చగా వెలుగుతోంది.

"గనిరాజుగారూ, మీ మామూలు నడకతో నా దగ్గరికి రండి," అంది వీరవేణి.

ఆ వాక్యంలో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. నడక కొలిచే కొలతరి ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, మనిషిని పేరు పెట్టి ఎలా పిలవాలో అన్నీ ప్రయోగం నడిపే నిర్ధారిణి యంత్రం ముందే రాసిపెట్టింది. కొలతరి భుజానికి బిగించిన కెమెరా కన్ను నడిచేవాళ్ళ మొహాన్ని ఎదురుగా చూడాలి. అందుకని కొలతరి ఎప్పుడూ పట్టీ చివరే, నవ్వు మొహంతో నిలబడాలి. నవ్వు సంగతి కూడా రాసే ఉంది.

"ఆయ్, వచ్చేశానండి," అన్నారు ఎనభై మూడేళ్ళ గనిరాజుగారు, అనడమే కాదు వచ్చేశారు కూడా. నాలుగు పాయింట్ నాలుగు సెకన్లు.

"సెకనుకి తొంభై ఒక్క సెంటీమీటర్లు," అంది నిర్ధారిణి వీరవేణి చెవిలో. "పటిష్ఠం. తోడుగంటల అవసరం లేదు."

వీరవేణి ఆ మాట పైకి చెప్పలేదు. సాయంత్రం ఐదింటికి లెక్క ముగిశాక నిర్ధారిణే అందరికీ చెబుతుంది. ఇప్పటిదాకా డెల్టాలో ఓపలేని పెద్దవాళ్ళ ఇంటికి రోజుకి నాలుగు గంటలు ఒక మనిషి తోడు వచ్చేది. వండి పెట్టి, స్నానానికి నీళ్ళు తోడి, కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళేది. ఆ మనుషులు చాలడం లేదు. ఇవాళ్టితో పులసిన్ ప్రయోగం, అంటే పులస చేప నుంచి తీసిన కండబలం మందు ప్రయోగం, పూర్తవుతుంది. అది నెగ్గితే అందరికీ నెలకో సూది వేస్తారు. నడక సెకనుకి ఎనభై సెంటీమీటర్లు దాటినవాళ్ళకి తోడు తీసేస్తారు.

"పులసని నేను తినడమే తప్ప, అది నన్ను నడిపించడం ఇదే మొదలండి," అని గనిరాజుగారు నవ్వారు. పదకొండు నెలలుగా వచ్చినప్పుడల్లా ఆయన అదే మాట అంటున్నారు, వీరవేణి అప్పుడే విన్నట్టు నవ్వుతోంది. ఆయనే స్వయంగా కాఫీ కలిపి తెచ్చారు. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. ఆమె సామాను సర్దుకున్నాక వీధి గుమ్మం దాకా వచ్చి, లిఫ్టు బల్ల కిందికి దిగేవరకూ చెయ్యూపుతూ నిలబడ్డారు.

కింద కాలవ. సముద్రం ముందుకొచ్చి ఊళ్ళన్నీ స్తంభాల మీదికి ఎక్కిన తర్వాత, ఆ కాలవలే వీధులు. వీధి గుమ్మాల ముందు నీటిబస్సు ఆగుతుంది. దొడ్డి గుమ్మాల వెనకనుంచి మెట్లు సన్న కాలవలోకి దిగుతాయి. చేపలమ్మేవాళ్ళూ బట్టలుతికేవాళ్ళూ ఇంటివాళ్ళూ అటే తిరుగుతారు.

రేవులో నిలబడి సంచీ తడుముకున్నాక గాని పిడికిలి బలం కొలిచే యంత్రం గనిరాజుగారి బల్లమీదే మర్చిపోయిన సంగతి వీరవేణికి తెలియలేదు. లిఫ్టు బల్ల అప్పటికే పక్కింటివాళ్ళ గ్యాసు బండతో పైకి పోతోంది. సరేలెమ్మని రేవు గట్టు మీదుగా ఇంటి వెనక్కి వెళ్ళి మెట్లెక్కింది. దొడ్డి గుమ్మం తీసే ఉంది.

లోపల గనిరాజుగారు మంచం వైపు వెళుతున్నారు. ఎడమ చెయ్యి గోడమీద ఉంది. ఒక అడుగు వేసి ఆగుతున్నారు, ఊపిరి పీల్చుకుని ఇంకోటి వేస్తున్నారు. ఇస్త్రీ చొక్కా అప్పుడే విప్పి భుజాన వేసుకున్నారు. కళ్ళతో దూరాన్నీ మనసుతో సెకన్లనీ లెక్కపెట్టడం వీరవేణికి అలవాటు, దాన్ని ఆపడం ఆమె వల్ల కాదు. వంటింటి గడప నుంచి మంచం కోడు దాకా నాలుగు మీటర్లుంటుంది. తొమ్మిది సెకన్లు పట్టింది.

చెక్క మెట్టు కిర్రుమంది. ఆయన తిరిగి చూశారు. ఒక్క క్షణంలో నడుం నిటారైంది, గోడమీది చెయ్యి దిగిపోయింది.

"ఆయ్, మీరా. రండి రండి," అంటూ ఎదురొచ్చారు, చకచకా.

వీరవేణి యంత్రం తీసుకుని, ఏదో చెప్పి, మెట్లు దిగింది. దిగి పడవల రేవులో ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయింది. ఆమెకి సిగ్గేసింది. పదకొండు నెలల్లో తన పేరున ఒక్క తప్పు గుర్తు కూడా పడని కొలతరి ఈ జిల్లాలో ఆమె ఒక్కతే. తన జాబితాలో రెండు వందల పదకొండు మంది. ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుంది. ఒకావిడ ఎప్పుడూ పట్టుచీరలో ఉండేది. ఒకాయన మెడలో కండువా. ఇంకొకావిడ తలలో కనకాంబరాలు. ఇంత ఓపిక లేనివాళ్ళు మంగళవారం పొద్దున్నే ఎవరికోసం ముస్తాబయ్యారు? ఆ ప్రశ్న పదకొండు నెలల కిందటే రావాలి. రాలేదు, ఎందుకంటే చక్కగా ముస్తాబైన పెద్దవాళ్ళని చూస్తే తనకి ముచ్చటేసేది.

ఇంకొక్క ఇల్లే మిగిలింది. పల్లాలమ్మగారిది.

పల్లాలమ్మ ముప్పై ఏళ్ళు నీటిబస్సులో కండక్టరు. కదిలే పడవలో ఏమీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, అదేమని అడిగితే ఖాళీ దొరకలేదంటుంది. ఇప్పుడు ఎనభై ఒకటి. పోయిన నెల కొలత ఎనభై ఆరు సెంటీమీటర్లు. ఇవాళ కూడా ఎనభై దాటితే పటిష్ఠం అని ముద్ర పడుతుంది, తోడుగా వచ్చే నాగరత్నం రేపట్నించి రాదు.

వీరవేణి పడవెక్కి, పడవవాణ్ణి వీధివైపు కాకుండా వెనక కాలవలోకి తిప్పమంది. మెట్ల దగ్గర నాగరత్నం గిన్నెలు తోముతోంది. యాభై ఏళ్ళ మనిషి. ఆమెని చూసి కంగారుగా లేచింది.

"ఇటొచ్చేరేంటి మేడంగారండి? మామ్మగారింకా చీర మార్చుకోలేదండి. పదింటికొస్తానన్నారు కదా."

"నాగరత్నం, ఒక మాట అడుగుతాను. నేను వచ్చి వెళ్ళాక మామ్మగారు ఎలా ఉంటారు?"

నాగరత్నం చేతిలో గిన్నె వైపు చూసుకుంది. "చెప్తే నా పని పోతదని చెప్తున్నాననుకుంటారండి. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు."

"అనుకోను. చెప్పు."

"రెండ్రోజులు మంచం దిగరండి. మీరు రావడానికి ముందురోజు ఏ పనీ చెయ్యనివ్వరు, ఆ కుర్చీ ఇటు పెట్టు, ఈ దుప్పటి మార్చు అంటారు. పొద్దున్నే నాలుగింటికి లేచి తలకి పోసుకుంటారు. మీరెళ్ళాక మంచమెక్కితే అన్నం నేనే కలిపి పెట్టాలండి." కాస్త ఆగి, "పాపం, మీరంటే ఆవిడకి ప్రాణమండి," అంది.

వీరవేణి చెప్పులు మెట్లమీదే విడిచి, దొడ్డి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది.

పల్లాలమ్మ వంటింటి పక్క గదిలో మంచమ్మీద ఉంది. పాత నూలు చీర, ముడి వెయ్యని జుట్టు. వీరవేణిని చూడగానే రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి లేవబోయింది.

"లేవకండి మామ్మగారూ. కొలతకి ఇంకా టైముంది. నాకు ఆకలేస్తోంది, అన్నం ఉందా?"

"వీధి గుమ్మం ఉండగా దొడ్డి గుమ్మంలోంచి రావడమేంటమ్మాయ్, చేపలమ్మే మనిషిలాగ? ఉండు, నాగరత్నాన్ని పిలుస్తాను. కంచం కడిగి..."

"నేను తీసుకుంటాను."

వీరవేణి కంచం తానే వెతుక్కుంది. ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా మూత తీసింది. పల్లాలమ్మ మంచమ్మీంచే "అది కాదు, పక్కది. నీ కళ్ళెక్కడున్నాయి?" అని కసిరింది. పదకొండు నెలల్లో ఆవిడ ఆమెని కసరడం అదే మొదలు. వంటింటి నేలమీద కూర్చుని వీరవేణి చింతచిగురు పప్పుతో అన్నం తింది. భుజం మీది కన్ను అదంతా చూస్తూనే ఉంది. నియమం ప్రకారం కొలతరి ఇలా తినకూడదు.

"ఒకటడుగుతాను, నిజం చెబుతారా?" అంది చెయ్యి కడుక్కుంటూ. "నేనొచ్చినప్పుడు అంత వేగంగా ఎందుకు నడుస్తారు?"

పల్లాలమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మరెలా నడవాలి? ఇంటికొచ్చిన మనిషివి, అటు చివర నిలబడి, నవ్వుతూ పేరెట్టి పిలుస్తావు. నిన్నక్కడ అలా నిలబెట్టి నేను కాళ్ళీడ్చుకుంటూ రావాలా? ఎదురెళ్ళొద్దూ?"

కొలతరుల పుస్తకంలో పదిహేను పేజీల నియమాలున్నాయి. పట్టీ వెడల్పూ, గది వెలుతురూ, చెప్పుల మందం దాకా రాశారు. ఈ దేశంలో మనిషి ఎదురుగా నిలబడి రమ్మంటే అది ఆహ్వానం అవుతుందని, ఆహ్వానానికి కాళ్ళు వాటంతట అవే లేస్తాయని ఎవరూ రాయలేదు.

"మామ్మగారూ, నేను ఇంటికొచ్చిన మనిషిని కాదు. మీ కంచంలో తిన్నాను, మీచేత తిట్టించుకున్నాను. ఇంక నాకు ఎదురు రావద్దు."

పల్లాలమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత దిండు మీదికి వెనక్కి వాలింది. ఎవరి ముందూ అలా వాలని మనిషి.

వీరవేణి ప్రశ్నల పత్రం తెరిచింది. మొదటిది ఎప్పుడూ ఒకటే. "అలసటగా ఉంటోందా?" ఎప్పుడూ వచ్చే జవాబు "పర్లేదు." నిర్ధారిణి దాన్ని "అలసట లేదు" అని నమోదు చేసుకునేది.

"ఓపిక లేదమ్మాయ్," అంది పల్లాలమ్మ నెమ్మదిగా. "సూదేశాక తొడలు గట్టిపడ్డాయి, అబద్ధమెందుకు. మూత బిగుతుగా ఉంటే తీసేస్తున్నాను. కానీ ఓపిక లేదు. లేచి మంచినీళ్ళు తాగాలంటే అరగంట అనుకోవాలి."

నిర్ధారిణి చెవిలో అంది: "ఓపిక అంటే సహనం. పాల్గొనేవారికి సహనం లేదని నమోదు చేశాం. ఇది ప్రశ్నకి సంబంధించిన జవాబు కాదు. పాల్గొనేవారు సహకరించడం లేదని గుర్తు పెట్టాలా?"

నవ్వాలో ఏడవాలో వీరవేణికి తెలియలేదు. కోట్ల మాటలు మింగిన యంత్రం. ఒంట్లో సత్తువకీ మనసులో తాళుకునే గుణానికీ తెలుగువాళ్ళు ఒకటే మాట వాడతారన్న సంగతి దానికి తట్టలేదు. "వద్దు," అని మాత్రం చెప్పింది.

నడకపట్టీని మంచం నుంచి వంటింటి సింకు దాకా పరిచింది. భుజం మీది కన్ను విప్పి, పట్టీ చివర బియ్యం డబ్బా మీద పెట్టింది. తను పట్టీ చివర నిలబడలేదు. సింకు దగ్గర వీపు తిప్పి నిలబడి కంచం తోమడం మొదలుపెట్టింది.

"ఆ మంచం పక్క గ్లాసు ఇటు తెచ్చి పడెయ్యండి మామ్మగారూ, పనిలో పనిగా కడిగేస్తాను. తొందరేం లేదు."

వెనక మంచం కిర్రుమంది. పల్లాలమ్మ "అమ్మా" అనుకుంటూ లేచింది. ఒక అడుగు. కాస్త ఆగి ఇంకో అడుగు. వీరవేణి తోమిన కంచాన్నే మళ్ళీ తోముతోంది. తిరిగి చూడాలని ఉంది. చూస్తే ఆ నడుం నిటారైపోతుందని తెలుసు. చివరికి తడి గ్లాసు పట్టుకున్న చల్లని చెయ్యి పక్కనించి వచ్చి సింకులో గ్లాసు పెట్టింది.

"ఎనిమిది పాయింట్ రెండు సెకన్లు," అంది నిర్ధారిణి. "సెకనుకి నలభై తొమ్మిది సెంటీమీటర్లు. పోయిన కొలతకీ దీనికీ పొంతన లేదు. కొలతరి స్థానం తప్పు. మళ్ళీ కొలవండి."

"కొలవను. ఇదే ఖాయం."

"ఖాయం చేస్తే మీ పేరున తప్పు గుర్తు పడుతుంది. కారణం చెప్పండి."

వీరవేణి పల్లాలమ్మని మంచం దాకా నడిపించి, పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. తర్వాత అంది: "ఇన్నాళ్ళూ మనం కొలిచింది వాళ్ళ నడక కాదు, మర్యాద. ఎదురుగా నేను నిలబడితే అందరూ ఇలాగే వస్తారు."

నిర్ధారిణి ఆమె జాబితా తెరిచింది. 

"'అందరూ' అని మీరన్నారు. మీ జాబితాలో రెండు వందల పదకొండు మంది ఉన్నారు. వారి కొలతలన్నీ సందేహాస్పదమని మీరు అంటున్నారా? అవునంటే ప్రయోగం లెక్క ఐదింటికి ముగియదు. మీ కొలతరి పట్టా విచారణ పూర్తయ్యేవరకూ రద్దవుతుంది. అవును, కాదు అన్న రెండింటిలో ఒకటి చెప్పండి."

పట్టా కోసం వీరవేణి నాలుగేళ్ళు చదివింది. ఈ పని ఆమెకి ఇష్టం. ఇంటింటికీ తిరగడం, కాఫీలు, పాత కబుర్లు. కాదు అంటే నాగరత్నం ఒక్కదాన్నయినా ఉంచమని ఎవరినో బతిమాలుకోవచ్చు. కానీ గోడమీద గనిరాజుగారి చెయ్యి కళ్ళముందు నుంచి కదలడం లేదు.

"అవును," అంది.

పావుగంట గడవకముందే డాక్టర్ కరీముల్లా నుంచి పిలుపు వచ్చింది. పులసిన్ కనిపెట్టింది ఆయనే. వరదనీళ్ళలో గోదారికి ఎదురీదే పులస దారి పొడుగునా దాదాపు పస్తుంటుంది, అయినా దాని కండ ఎందుకు కరగదు అన్న ఒక్క ప్రశ్న వెనకే ఇరవై రెండేళ్ళు తిరిగిన మనిషి. ప్రయోగశాలలో గుండ్రటి తొట్టి చుట్టూ చేపలు ఎదురీదుతున్న చప్పుడు ఆయన గొంతు వెనక వినిపిస్తోంది.

"ఏం చేశావమ్మా వీరవేణీ?"

"ఉన్నది చెప్పాను సార్."

"కండ పెరిగింది. నేను నా కళ్ళతో చూశాను, ఒక్కో పోగూ లెక్కపెట్టాను. అది అబద్ధం కాదు కదా."

"కాదు సార్. మామ్మగారు కూడా అదే చెప్పారు, మూతలు తీస్తున్నారట. కండ పెరిగింది. ఓపిక పెరగలేదండి. మీ సూది తప్పని నేను అనడం లేదు. సూది వేసి మనిషిని తీసేస్తున్నారు, అదే చూడలేకపోయాను."



"నేను ఇంటికెళ్ళినప్పుడల్లా మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడే ఉండేది," అన్నారు డాక్టర్. "సేమ్యా కలుపుతూ. అమ్మకేం, గట్టి మనిషి అనుకునేవాణ్ణి. పోయాక మా చెల్లెలు చెప్పింది, నేను వస్తున్నానని తెలిస్తేనే లేచేదట." ఆయన గొంతు సవరించుకున్నారు. "విచారణకి నేనూ వస్తాను. ముందు రేపు ఆ ఇళ్ళకి నన్ను తీసుకెళ్ళు. ఎటువైపు నుంచి రావాలో చెప్పు."

"వెనక కాలవలోంచి సార్. కోటు వేసుకోకండి."

పట్టీ చుట్టి, కన్ను సంచీలో పడేసి, వీరవేణి బయల్దేరింది. పల్లాలమ్మ కళ్ళు సగం మూసుకుని ఉంది. మామూలుగా అయితే ఈపాటికి గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడుగుతూ, పడవ మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండేది.

"వెళ్ళొస్తాను మామ్మగారూ."

"ఆఁ. తలుపు దగ్గరగా వేసి పో అమ్మాయ్. నేను లేవలేను."

వీరవేణి తలుపు దగ్గరగా వేసింది. మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటుంటే నాగరత్నం తలెత్తి, రేపు రావాలా వద్దా అన్నట్టు చూసింది. రమ్మని తలూపి వీరవేణి పడవెక్కింది. పదకొండు నెలల్లో ఆ ఇంటి నుంచి ఆమెని ఎవరూ సాగనంపకపోవడం ఇదే మొదటిసారి.